కొత్త అపార్ట్‌మెంట్లకు హీట్ నెట్‌వర్క్ కనెక్షన్: ఒప్పందం ఎలా కుదుర్చుకోవాలి

లండన్‌లోనో లీడ్స్‌లోనో డెవలపర్ల దగ్గర పనిచేసే మనవాళ్ళు, వాళ్ళ ప్రాజెక్టులకు హైదరాబాద్ ఆఫీసుల్లో కూర్చుని లోడ్ లెక్కలు (ఎంత వేడి కావాలన్న లెక్కలు) వేసే ఎంఈపీ (భవనాల మెకానికల్, కరెంటు, ప్లంబింగ్ పనుల) ఇంజినీర్లు నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. "హీట్ నెట్‌వర్క్ కంపెనీ అరవై పేజీల కనెక్షన్ అగ్రిమెంట్ పంపింది, అందులో ఏం చూడాలి?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోయింది. అందుకే ఇక్కడ ఒకేసారి రాసి పెడుతున్నాను.

విషయం కొత్తవాళ్ళకు రెండు ముక్కల్లో: ఇంటింటికీ బాయిలర్ ఉండదు. ఒకచోట నీళ్ళు వేడి చేసి, నేలలో పాతిన పైపుల గుండా వీధులన్నిటికీ పంపుతారు. ఆ నీళ్ళు వేడిని ఇళ్ళకు ఇచ్చి, చల్లబడి వెనక్కి వస్తాయి. లండన్ పిమ్లికోలో 1950 నుంచి ఇలాంటిది నడుస్తోంది. మొదట్లో థేమ్స్ అవతల ఉన్న బాటర్‌సీ పవర్ స్టేషన్‌లో వృథాగా పోయే వేడిని నది కింద నుంచి ఇవతలికి తెచ్చేవారు. ఇజ్లింగ్టన్‌లోని బన్‌హిల్ నెట్‌వర్క్ అయితే 2020 నుంచి భూగర్భ రైలు సొరంగాల్లోంచి వచ్చే వెచ్చటి గాలిని కూడా వాడుకుంటోంది. సిద్ధాంతం ఇంతటితో చాలు.

ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లాండ్‌కు 2021లో చేసిన చట్టం వేరే ఉంది. సంతకానికి ముందు సొలిసిటర్ (లాయరు) చూడాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ సొలిసిటర్ భాష చూస్తారు, కిలోవాట్లు చూడరు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం భాషలో లేదు, వెనక అతికించిన షెడ్యూళ్ళ అంకెల్లో ఉంది. ఆ అంకెలు వేసేది మీరే.

మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి

- ప్లానింగ్ అనుమతి పత్రం, దాని షరతులు, సెక్షన్ 106 ఒప్పందం (అనుమతి కోసం స్థానిక కౌన్సిల్‌తో చేసుకునేది)
- ఫ్లాట్ల జాబితా: ఎన్ని పడకగదులు, ఎన్ని బాత్‌రూములు, ఏ బ్లాకు ఎప్పుడు పూర్తవుతుంది
- గది వేడికీ స్నానపు నీళ్ళకీ విడివిడిగా వేసిన లోడ్ లెక్క
- సైట్ ప్లాన్: పైపు ఎటు నుంచి వస్తుంది, సబ్‌స్టేషన్ గది (వీధి పైపులోని వేడిని భవనం పైపులకు దాటించే చోటు) ఎక్కడ
- కనెక్షన్ లేకపోతే మీరే సొంతంగా హీట్ పంపులు (కరెంటుతో బయటి వేడిని లాగి ఇచ్చే యంత్రాలు) పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు అంచనా
- నెట్‌వర్క్ కంపెనీ ఇచ్చిన ధరల పట్టిక, దాన్ని ఏటా ఎలా పెంచుతారో చెప్పే సూత్రం

చివరి రెండూ లేకుండా మీటింగ్‌కు వెళ్ళకండి. బేరం ఆడటానికి మీ దగ్గర ఉండేవి అవే.

1. కలవడం తప్పనిసరా, మీ ఇష్టమా తేల్చుకోండి

లండన్‌లో అయితే 2021 లండన్ ప్లాన్‌లోని ఎస్‌ఐ3 విధానం హీట్ నెట్‌వర్క్‌కు అనువైన ప్రాంతాల్లోని పెద్ద ప్రాజెక్టులకు, వేడి ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో ఒక వరస చెబుతుంది. ఉన్న నెట్‌వర్క్‌కి గానీ రాబోయే నెట్‌వర్క్‌కి గానీ కలవడం ఆ వరసలో మొదటిది. దీన్ని బట్టి కౌన్సిల్ మీ సెక్షన్ 106లో షరతు పెట్టి ఉంటుంది. ఆ షరతును అక్షరం అక్షరం చదవండి. "కలవాలి" అని ఉందా, "కలవడానికి తగిన ప్రయత్నం చేయాలి" అని ఉందా, "రేపు కలవడానికి వీలుగా కట్టాలి" అని ఉందా? మూడింటికీ చాలా దూరం.

2023 ఎనర్జీ చట్టం ఇంగ్లండ్‌లో హీట్ నెట్‌వర్క్ జోన్లు గుర్తించే అధికారం ఇచ్చింది. అలాంటి జోన్లలో కొత్త భవనాలు కలవక తప్పని పరిస్థితి వస్తుంది. లీడ్స్, షెఫీల్డ్, బ్రిస్టల్, ప్లిమత్, స్టాక్‌పోర్ట్, లండన్‌లో రెండు చోట్ల ముందుగా పని మొదలైంది. మీ సైట్ వీటి దగ్గర ఉంటే కౌన్సిల్ ఎనర్జీ అధికారిని ముందే అడగండి.

హెచ్చరిక: "మీకు వేరే దారి లేదు" అని నెట్‌వర్క్ కంపెనీ చెబితే వెంటనే ఒప్పుకోకండి. షరతు తప్పనిసరి అయినా ధర, సామర్థ్యం, తేదీల మీద మాట్లాడుకునే హక్కు మీకు ఉంటుంది. ఆ ధరకు కలవడం గిట్టుబాటు కాదని లెక్కలతో చూపితే కౌన్సిల్ వినే సందర్భాలూ ఉన్నాయి.

ప్రత్యామ్నాయం: నెట్‌వర్క్ ఇంకా మీ వీధిదాకా రాకపోతే, గది, పైపు దారి, ఫ్లాంజ్ (రేపు పైపు కలపడానికి అంచు) వదిలి పెట్టి తాత్కాలికంగా సొంత హీట్ పంపులతో నడుపుకోవచ్చు. అప్పుడు ఇప్పుడే కనెక్షన్ ఒప్పందం అక్కర్లేదు, ముందస్తు ఒప్పందం ఒకటి చాలు.

2. ఎన్ని కిలోవాట్లు అడగాలో లెక్కకట్టండి

ఈ మెట్టు మీద ఒక రోజంతా పెట్టండి. ఇక్కడ పొరపాటు చేస్తే పాతికేళ్ళు కడతారు.

అందరూ చేసే తప్పు ఇది. ఒక ఫ్లాట్‌లో షవర్‌కి అప్పటికప్పుడు నీళ్ళు వేడి చేయాలంటే 35 నుంచి 40 కిలోవాట్లు కావాలి. ఎక్సెల్‌లో దాన్ని ఫ్లాట్ల సంఖ్యతో గుణించేస్తారు. 200 ఫ్లాట్లకు 7,500 కిలోవాట్లు వస్తుంది. పెద్దాయన ఎవరో చూసి "మరీ ఎక్కువ" అని సగానికి కోసి, 3,700 అని రాస్తారు. ఆ సగమూ తప్పే. రెండు వందల ఇళ్ళలో ఒకే నిమిషానికి అందరూ షవర్ కింద నిలబడరు కదా.

ఇంగ్లండ్‌లో దీనికి డానిష్ ప్రమాణం డీఎస్ 439 వాడతారు. సూత్రం చిన్నదే: ఫ్లాట్ల సంఖ్యను 1.19తో గుణించండి, ఫ్లాట్ల సంఖ్య వర్గమూలాన్ని 18.8తో గుణించి దానికి కలపండి, చివర 17.6 కలపండి. జవాబు కిలోవాట్లలో వస్తుంది. ఒక్క ఫ్లాట్‌కి 37.6. వంద ఫ్లాట్లకు 325, అంటే ఫ్లాట్‌కి మూడు కిలోవాట్ల చిల్లర. రెండు వందలకు 521. ఏడున్నర వేలు ఎక్కడ, ఐదు వందల ఇరవై ఎక్కడ!

దీనికి గదుల వేడి కలపాలి. ఇప్పుడు కట్టే ఫ్లాట్లకు గోడలు, కిటికీలు బాగుంటాయి కాబట్టి, మీ లెక్కలో ఫ్లాట్‌కి సగటున 2.5 కిలోవాట్లు వచ్చిందనుకుందాం, రెండు వందలకు 500. మొత్తం వెయ్యి పైచిలుకు. కొంచెం ఊపిరికి వదిలి 1,100 అడగండి. కింద దుకాణాలో జిమ్మో ఉంటే వాటికి విడిగా లెక్క వేసి కలపండి.

నేను చూసిన ఒక కేసు. 160 ఫ్లాట్ల భవనం. డిజైన్ చేసినవాళ్ళు 2,400 కిలోవాట్లు అడిగారు, ఎవరూ ప్రశ్నించలేదు. రెండు చలికాలాలు మీటరు చూశాం, ఎప్పుడూ 600 దాటలేదు. మరి 2,400కి సామర్థ్య ఛార్జీ (అడిగిన కిలోవాట్లకు, వాడినా వాడకపోయినా కట్టేది) ఏటా వెళ్తూనే ఉంది. ఒప్పందంలో తగ్గించుకునే క్లాజు లేదు. లెక్క కోసం కిలోవాట్‌కి ఏటా 30 పౌండ్లు అనుకోండి. 1,500 కిలోవాట్లు ఎక్కువ అడిగితే ఏటా 45,000 పౌండ్లు. పాతికేళ్ళకు 11 లక్షల 25 వేలు. అది డెవలపర్ జేబులోంచి కాదు, సర్వీస్ ఛార్జీ పేరుతో ఫ్లాట్లలో ఉండేవాళ్ళ జేబులోంచి పోతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.

అందుకని రెండు క్లాజులు పట్టుబట్టి పెట్టించండి:

- భవనం నిండిన తర్వాత రెండు పూర్తి చలికాలాలకు మీటరు చూసి, ఒప్పుకున్న సామర్థ్యాన్ని ఒకసారి తగ్గించుకునే హక్కు.
- తగ్గించినందుకు జరిమానా ఉండకూడదు. కంపెనీ దీనికి ఊరికే ఒప్పుకోదు. "20 శాతం వరకూ" లాంటి హద్దు పెడితే దిగివస్తారు.

హైదరాబాద్ ఆఫీసుల్లో ఉన్నవాళ్ళకు ఒక మాట. మీకు లండన్ నుంచి వచ్చే టెంప్లేట్‌లో డైవర్సిటీ కాలమ్ (అందరూ ఒకేసారి వాడరు కాబట్టి లోడు ఎంత తగ్గించాలో చెప్పేది) ఖాళీగా ఉంటే ఖాళీగా వదిలేయకండి. ఏం పెట్టాలో రాతపూర్వకంగా అడగండి. తర్వాత వేలు చూపేది ఆ ఎక్సెల్ వేసినవాళ్ళ వైపే.

3. ఎక్కడిదాకా వాళ్ళది, ఎక్కడి నుంచి మీది: బొమ్మ గీయండి

మాటల్లో రాసుకుంటే గొడవలు వస్తాయి. ఒకే పేజీలో బొమ్మ గీసి షెడ్యూల్‌గా అతికించండి. వీధి పైపు, సైట్ హద్దు, సబ్‌స్టేషన్ గది, ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్ (రెండు వైపుల నీళ్ళు కలవకుండా వేడిని మాత్రం దాటించేది), పెద్ద హీట్ మీటరు, భవనం లోపలి రైజర్లు (నిలువు పైపులు), ఫ్లాట్‌లో హెచ్‌ఐయూ (బాయిలర్ స్థానంలో గోడకు ఉండే పెట్టె), అక్కడి చిన్న మీటరు. ప్రతిదాని పక్కన నాలుగు గడులు: కొనేది ఎవరు, బిగించేది ఎవరు, ఆస్తి ఎవరిది, చెడిపోతే బాగుచేసేది ఎవరు.

ఎక్కువగా ఖాళీగా మిగిలిపోయే గడులు ఇవి: సబ్‌స్టేషన్ గదికి కరెంటు బిల్లు, మీటరు డేటా పంపే సిమ్ కార్డు, సైట్ హద్దు నుంచి గోడ దాకా కందకం తవ్వకం, రోడ్డును తిరిగి పూడ్చడం. కందకం విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అక్కడ మట్టిలో కాలుష్యం బయటపడితే ఖర్చు ఎవరిదో ముందే రాయకపోతే తల పట్టుకోవాల్సి వస్తుంది.

4. ఉష్ణోగ్రతలు: వెళ్ళేది కాదు, తిరిగొచ్చేది చూడండి

ఒప్పందంలో కంపెనీ "70 డిగ్రీల నీళ్ళు ఇస్తాం" అని ఒక వాక్యంలో చెబుతుంది. కిందనే ఇంకో వాక్యం ఉంటుంది: "డెవలపర్ 40 డిగ్రీలకు మించకుండా తిరిగి పంపాలి." మొదటిది చదివి సంతోషపడి రెండోది దాటేస్తారు.

తిరిగొచ్చే నీళ్ళు ఎంత చల్లగా ఉంటే కంపెనీకి అంత లాభం. అదే పైపులో ఎక్కువ వేడి మోయొచ్చు, హీట్ పంపులు తక్కువ కరెంటుతో నడుస్తాయి. మీ లోడు 1,100 కిలోవాట్లు, వెళ్ళే నీళ్ళకీ తిరిగొచ్చే నీళ్ళకీ తేడా 30 డిగ్రీలు అయితే సెకనుకు 8.8 లీటర్లు చాలు. తేడా 15కు పడితే 17.5 లీటర్లు కావాలి. కిలోవాట్లను 4.18తోనూ తేడాతోనూ భాగిస్తే వచ్చేది ఇదే, మీరే వేసి చూసుకోండి. డెన్మార్క్‌లో చాలా కంపెనీలు వెచ్చగా తిప్పి పంపేవాళ్ళకు ఎక్కువ, చల్లగా పంపేవాళ్ళకు తక్కువ బిల్లు వేస్తాయి. ఇంగ్లండ్ ఒప్పందాల్లోనూ అలాంటి క్లాజులు చూస్తున్నాను.

ఇక్కడ అనుభవం ఉన్న ఇంజినీర్లు కూడా పడే గొయ్యి ఒకటుంది. మధ్యలో ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్ ఉంటే కంపెనీ వైపు తిరిగివెళ్ళే నీళ్ళు మీ వైపు తిరిగొచ్చే నీళ్ళకన్నా చల్లగా ఉండవు. మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువే ఉంటాయి. మీ భవనం డిజైన్ 40 డిగ్రీలకు తిరిగొచ్చేలా ఉంటే, కంపెనీకి 40 ఇస్తానని సంతకం పెట్టడం అంటే మొదటి రోజు నుంచే ఒప్పందం తప్పడం. కాబట్టి కంపెనీ అడిగిన అంకెలోంచి ఐదు తీసేసి, ఆ అంకెకు మీ భవనం డిజైన్ చేయించండి. లేదా ఒప్పందంలో అంకె పెంచమని అడగండి. 2022 జూన్ నుంచి అమల్లో ఉన్న పార్ట్ ఎల్ (ఇంధనం ఆదాకు సంబంధించిన భవన నిబంధన) ప్రకారం కొత్త ఇళ్ళ రేడియేటర్లు, నేల పైపులు 55 డిగ్రీలకు మించని నీళ్ళతో పనిచేసేలా ఉండాలి. ఇది మీకు సాయమే, రేడియేటర్లు పెద్దవైతే నీళ్ళు బాగా చల్లబడి వస్తాయి.

క్లాజులో కొలత ఎలా అన్నది కూడా రాయించండి. ఏదో ఒక్క నిమిషం 48 చూపించింది కాబట్టి జరిమానా అనడం అన్యాయం. నీటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని తేల్చిన నెలవారీ సగటు మీద ఉండాలి. భవనం నిండేదాకా, కనీసం మొదటి ఏడాది, జరిమానా వద్దని అడగండి.

5. తేదీలు, దశలు, ఆలస్యం

నెట్‌వర్క్ కంపెనీ పైపు వేయడానికి కౌన్సిల్ అనుమతులు, రైల్వే దాటడాలు, ఇంకో డెవలపర్ సైట్లు అడ్డొస్తాయి. వాళ్ళు ఆలస్యం అవుతారు. మీరూ అవుతారు. ఇద్దరూ సమయానికి వస్తారని రాసిన ఒప్పందం నమ్మదగ్గది కాదు.

వాళ్ళు ఆలస్యమైతే ఏం చేయాలో ఇలా రాయించండి:

- వేడి ఇవ్వాల్సిన తేదీ క్యాలెండర్ తేదీగా ఉండాలి, "సుమారు మూడో త్రైమాసికం" అని కాదు.
- ఆ తేదీకి రాకపోతే తాత్కాలిక ప్లాంటు కంపెనీయే తెచ్చి పెట్టాలి, దాని అద్దె, ఇంధనం కూడా భరించాలి. ఫ్లాట్లలో ఉండేవాళ్ళకు పడే ధర మాత్రం ఒప్పందం ధరే ఉండాలి.
- తాత్కాలిక గ్యాస్ లేదా డీజిల్ బాయిలర్లు మీ ప్లానింగ్ షరతులకు విరుద్ధం కాకుండా కౌన్సిల్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఇది చాలామంది మరిచిపోతారు.
- ఆఖరి గడువు ఒకటి ఉండాలి. అప్పటికీ రాకపోతే కట్టిన డబ్బు వెనక్కి తీసుకుని మీరు వెళ్ళిపోవచ్చు.

మీరు ఆలస్యమైతే పరిస్థితి తిరగబడుతుంది. కంపెనీ పైపు తెచ్చి గోడ దగ్గర పెట్టేసింది, మీ రెండో బ్లాకు ఇంకా పునాదుల్లోనే ఉంది, సామర్థ్య ఛార్జీ మాత్రం మొత్తం రెండు బ్లాకులకూ మొదలైంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని ఫ్లాట్లకు బిల్లు! దీనికి మందు: సామర్థ్యాన్ని బ్లాకుల వారీగా విడగొట్టండి. ఒక్కో బ్లాకు ఛార్జీ ఆ బ్లాకులో వేడి మొదలైన రోజు నుంచే మొదలవ్వాలి. బ్లాకు పూర్తికాకపోయినా ఛార్జీ మొదలయ్యే ఆఖరి తేదీ ఒకటి కంపెనీ అడుగుతుంది, అది న్యాయమే, వాళ్ళూ అప్పు తెచ్చి పైపు వేశారు. ఆ ఆఖరి తేదీని మీ నిర్మాణం పూర్తి కావాల్సిన తేదీకి కనీసం పన్నెండు నెలలు అవతల పెట్టించుకోండి.

భవనమే కట్టకపోతే? అదీ జరుగుతుంది. మన దగ్గర ఉదాహరణ ఉంది. అమరావతిలో ప్రభుత్వ భవనాలకు ఇదే తరహాలో చల్లటి నీళ్ళు పైపుల్లో అందించేందుకు 2019 ఫిబ్రవరిలో 30 ఏళ్ళ ఒప్పందం కుదిరింది, మొదటి దశ 20,000 టన్నుల శీతలీకరణ సామర్థ్యం (ఏసీలకు చెప్పే టన్నులే). అదే ఏడాది ప్రభుత్వం మారి రాజధాని పనులే ఆగిపోయాయి. వేడైనా చల్లదనమైనా, ప్రాజెక్టు ఆగితే ఎవరికి ఎంత చెల్లించి బయటపడాలో పట్టిక రూపంలో ముందే ఉండాలి.

6. డబ్బు: ఒకసారి కట్టేది, ఏటా కట్టేది

ఒకసారి కట్టే కనెక్షన్ ఛార్జీని బేరం ఆడటానికి కొలబద్ద ఒక్కటే: కనెక్షన్ లేకపోతే మీరు సొంత ప్లాంటుకు పెట్టే ఖర్చు. హీట్ పంపులు, వాటికి కావాల్సిన పెద్ద కరెంటు కనెక్షన్, అవి ఆక్రమించే చోటు, అన్నీ లెక్కలో వేయండి. కనెక్షన్ ఛార్జీ దానికన్నా ఎక్కువ ఉంటే ఎందుకో కంపెనీ చెప్పాలి. చెల్లింపులు తేదీలకు కాకుండా పనులకు ముడిపెట్టండి: సంతకానికి కొంత, పైపు సైట్ హద్దుకు చేరాక కొంత, వేడి మొదలయ్యాక మిగతాది.

ఏటా కట్టేది మూడు ముక్కలు: యూనిట్ ధర, స్థిర ఛార్జీ, సామర్థ్య ఛార్జీ. ఇవాళ్టి అంకె మీద గంటలు వాదించి, పెంచే సూత్రాన్ని ఐదు నిమిషాల్లో ఒప్పుకుంటారు. తిరగేయాలి. సూత్రంలో ఏం ఉంది? సాధారణ ధరల సూచీయా, గ్యాస్ ధరా, కరెంటు ధరా? వేడి చెత్త కాల్చే ప్లాంటు నుంచి వస్తుంటే, గ్యాస్ ధర పెరిగితే మీ ధర ఎందుకు పెరగాలి? షెఫీల్డ్‌లోనూ ఆగ్నేయ లండన్‌లోనూ చెత్త నుంచి వచ్చే వేడితో నెట్‌వర్కులు నడుస్తున్నాయి. వేడి ఎక్కడి నుంచి వస్తుందో ధర కూడా దాన్ని బట్టే ఉండాలి.

2022లో గ్యాస్ ధరలు ఆకాశానికి అంటినప్పుడు చాలామందికి ఒక విషయం ఆలస్యంగా తెలిసింది. మామూలు ఇళ్ళ గ్యాస్, కరెంటుకు ఉండే ఆఫ్‌జెమ్ (గ్యాస్, కరెంటు రంగాల నియంత్రణ సంస్థ) ధర పరిమితి హీట్ నెట్‌వర్క్ ఇళ్ళకు వర్తించదు. నెట్‌వర్కులు గ్యాస్‌ను వాణిజ్య ధరకు కొంటాయి కాబట్టి, బిల్లులు ఒక్కసారిగా పైకి వెళ్ళాయి. మీ సూత్రాన్ని ఎక్సెల్‌లో పెట్టి గ్యాస్ ధర మూడింతలు అయితే ఒక రెండు పడకగదుల ఫ్లాట్ బిల్లు ఎంతో చూడండి. ఆ అంకె మీ సేల్స్ డైరెక్టర్‌కు చూపించండి. బేరం చేయమని మీకు చెప్పేది అప్పుడే.

7. పెద్దమొత్తంగా తీసుకుంటారా, ఫ్లాట్లకు నేరుగా అమ్మిస్తారా

రెండు దారులు. మొదటిదానిలో కంపెనీ సబ్‌స్టేషన్ దాకా ఇస్తుంది, ఫ్లాట్లకు పంచి బిల్లు వేసేది మీ మేనేజ్‌మెంట్ కంపెనీ. రెండోదానిలో కంపెనీయే ప్రతి ఫ్లాట్‌కీ బిల్లు వేస్తుంది.

మొదటిది తేలిక అనిపిస్తుంది. అది తీసుకుంటే మీరే సప్లయర్ అవుతారు. 2026 జనవరి 27 నుంచి ఇంగ్లండ్‌లో హీట్ నెట్‌వర్కుల నియంత్రణ ఆఫ్‌జెమ్ చేతికి వచ్చింది. భవనం లోపలి చిన్న నెట్‌వర్క్ కూడా ఆ పరిధిలోకి వస్తుంది. బిల్లుల పారదర్శకత, బలహీనులైన వినియోగదారుల రక్షణ, ఫిర్యాదులు, అన్నీ మీ మేనేజ్‌మెంట్ కంపెనీ నెత్తిన పడతాయి. ఫిర్యాదులు తేల్చే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళే దారి 2025 ఏప్రిల్ నుంచే తెరుచుకుంది. ఇవన్నీ చేసుకునే మనుషులు మీ దగ్గర ఉన్నారా?

పైగా భవనం లోపలి పైపుల్లో పోయే వేడి. దీని గురించి కింద పరీక్షల దగ్గర చెబుతాను, అది చదివాకే దారి ఎంచుకోండి.

8. స్థలం హక్కులు

సబ్‌స్టేషన్ గదికి లీజు, పైపు దారికి హక్కు, రాత్రి పూట కూడా వచ్చి బాగుచేసే అనుమతి. ఇది సొలిసిటర్ల పని, వాళ్ళు బాగానే చేస్తారు. మీరు చూడాల్సింది ఒక్కటే: గది తలుపు ప్లేట్ ఎక్స్‌చేంజర్ కన్నా వెడల్పుగా ఉందా! నవ్వకండి, తర్వాత గోడ పగలగొట్టిన సైటు నాకు తెలుసు.

9. బయటపడే దారులు

లండన్ ఒలింపిక్ పార్కు నెట్‌వర్క్ కన్సెషన్ (నడిపే హక్కు) 40 ఏళ్ళది. మీ ఒప్పందం కూడా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య ఉంటుంది, అంతకాలం వేడి వేరే ఎవరి దగ్గరా కొనకూడదన్న షరతుతో. దాన్ని మొత్తంగా తీసేయించలేరు, కానీ మినహాయింపులు పెట్టించవచ్చు: కంపెనీ వేడి ఆగినప్పుడు సొంత ఏర్పాటు, వేడినీళ్ళ ట్యాంకులో ఎలక్ట్రిక్ హీటర్, పైకప్పు మీద సోలార్, దుకాణాలవాళ్ళ సొంత ఏసీలు.

కంపెనీ దివాలా తీస్తే ఏమవుతుంది, ఇంకొకరికి అమ్మేస్తే మీ అనుమతి కావాలా, తరచుగా వేడి ఆగిపోతే ఎన్ని గంటలు దాటాక ఎంత పరిహారం, ఈ మూడూ ఉన్నాయో లేదో చూడండి. వాళ్ళు హీట్ ట్రస్ట్ సభ్యులా అని అడగండి. 2015లో మొదలైన ఈ స్వచ్ఛంద వినియోగదారుల రక్షణ పథకం ప్రమాణాలను ఒప్పందంలోకి తెచ్చుకోవడం తేలిక, కంపెనీలు వాటికి అలవాటు పడ్డాయి.

10. అప్పగింతకు ముందు, తర్వాత: సరిగ్గా కుదిరిందో లేదో చూడటం

అప్పగింతకు ముందు: పైపుల్ని బీజీ 29 (పైపుల శుభ్రతకు బ్రిటన్‌లో వాడే మార్గదర్శకం) పద్ధతిలో కడిగిన నివేదిక లేకుండా నెట్‌వర్క్ నీళ్ళు లోపలికి రానివ్వకండి. కంపెనీ కూడా రానివ్వదు, తుక్కు ఎక్స్‌చేంజర్‌లో ఇరుక్కుంటుంది. హెచ్‌ఐయూలు బీఈఎస్‌ఏ (బ్రిటన్ భవన ఇంజినీరింగ్ సేవల సంఘం) పరీక్ష ఫలితం ఉన్నవే కొనండి. మొత్తం డిజైన్ సీపీ1 (బ్రిటన్‌లో హీట్ నెట్‌వర్కులకు వాడే) నియమావళి ప్రకారం ఉందని మీ కన్సల్టెంట్ రాసివ్వాలి.

తర్వాత మూడు పరీక్షలు, మూడూ మీటరు కాగితాలతో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

*ఉష్ణోగ్రత తేడా.* పెద్ద మీటరు నెలకు రెండు అంకెలు ఇస్తుంది: ఎన్ని మెగావాట్ అవర్లు, ఎన్ని ఘనపు మీటర్ల నీళ్ళు. మొదటిదాన్ని 860తో గుణించి రెండోదానితో భాగించండి. 120 మెగావాట్ అవర్లు, 5,160 ఘనపు మీటర్లు అనుకుందాం. జవాబు 20 డిగ్రీలు. ఒప్పందం 30 అంటే మీరు తప్పుతున్నారు, నీళ్ళు 3,440 ఘనపు మీటర్లకు తగ్గాలి. ఎక్కడో బైపాస్ వాల్వు (నీళ్ళను వేడి ఇవ్వకుండానే వెనక్కి మళ్ళించేది) తెరిచి ఉంటుంది, లేదా రేడియేటర్లు బ్యాలన్స్ చేయకుండా వదిలేసి ఉంటారు. ముందు రైజర్ల చివరన ఉన్న బైపాస్‌లు చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

*నష్టం.* పెద్ద మీటరు 120 చూపింది, ఫ్లాట్ల మీటర్లన్నీ కలిపితే 78. మిగతా 42, అంటే 35 శాతం, కారిడార్ పైపుల్లో పోయింది. మొదటి దారి ఎంచుకుని ఉంటే ఆ 42కి కంపెనీకి మీరు డబ్బు కట్టారు, ఎవరి దగ్గరా వసూలు కాలేదు. జులైలో ఈ శాతం ఇంకా ఘోరంగా ఉంటుంది. ఎండాకాలం కారిడార్‌లోకి అడుగు పెట్టగానే వేడి గాలి కొడుతుంటే మీటరు చూడక్కర్లేదు, పైపుల మీద ఇన్సులేషన్ తక్కువైంది. బ్రాకెట్ల దగ్గర, వాల్వుల దగ్గర చేయి పెట్టి చూడండి.

*గరిష్ఠ లోడు.* జనవరిలో చలి ఎక్కువైన వారం, పావుగంటకొక రీడింగ్ తెప్పించండి. అందులో పెద్ద అంకెను ఒప్పుకున్న సామర్థ్యంతో పోల్చండి. రెండు చలికాలాలు ఇలా దాచిపెడితే 2వ మెట్టులో చెప్పిన తగ్గింపు అడగడానికి కాగితాలు సిద్ధం. అందుకే ఈ పావుగంట డేటాను కంపెనీ ఉచితంగా ఇవ్వాలని ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి. లేకపోతే డేటా ఉంటుంది, మీకు మాత్రం రాదు.

ఫ్లాటు కొంటున్నవాళ్ళు అడుగుతున్నారు కాబట్టి

మీరు డెవలపర్ కాదు, హీట్ నెట్‌వర్క్ ఉన్న భవనంలో ఫ్లాటు కొంటున్నారు. మీకు కనెక్షన్ అగ్రిమెంట్ చూపించరు. మీ సొలిసిటర్ చేత ఈ నాలుగూ అడిగించండి: మీకు బిల్లు వేసేది ఎవరు, గత రెండేళ్ళ యూనిట్ ధరలూ స్థిర ఛార్జీలూ, ధర పెంచే సూత్రం కాపీ, ఫ్లాటు ఖాళీగా ఉన్నా కట్టాల్సిన మొత్తం. కొత్త భవనం కాబట్టి పాత ధరలు లేవంటే, అదే నెట్‌వర్క్‌లో ఉన్న పక్క భవనం ధరలు అడగండి. చూడటానికి వెళ్ళినప్పుడు, వేసవి అయితే, లిఫ్టు దిగి కారిడార్‌లో రెండు నిమిషాలు నిలబడండి.